జస్టిఫై చేసిన తెలుగు పుస్తకంలో మాటల మధ్య ఎడం సరిచేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునే రచయితలు, వారికి పేజీలు కట్టి ఇచ్చే డీటీపీ ఆపరేటర్లు పేజీ తయారీ గురించి అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే ఫిర్యాదు చుట్టూ తిరుగుతాయి: ఎడమ, కుడి అంచులు రెండూ సమానంగా వచ్చాయి గాని, మధ్యలో మాటలు ఒక పంక్తిలో ఇరుకుగా, మరో పంక్తిలో దూరదూరంగా ఉన్నాయి. ఆ ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఇస్తున్నాం. వీలైతే ఇదే వరుసలో చదవండి. ముందు చేయవలసిన పని వెనక చేస్తే చాలావరకు రెండోసారి చేయవలసి వస్తుంది.

జస్టిఫై చేయగానే కొన్ని పంక్తుల్లో మాటలు ఎందుకు విడిపోతాయి?

పంక్తి చివర మిగిలిన జాగా ఎక్కడికీ పోదు కనుక, ఆ పంక్తిలో ఉన్న ఖాళీలే దాన్ని పంచుకోవాలి. ఖాళీలు తక్కువగా ఉంటే ఒక్కొక్కదాని వాటా పెరుగుతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. 1/8 డెమ్మీ (సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల పొడవు) పుస్తకంలో పంక్తి వెడల్పు నాలుగుంపావు అంగుళాలు, అంటే 306 పాయింట్లు అనుకోండి. పంక్తిలో "ఆదివారం సాయంత్రం జగదాంబ కూడలినుంచి బయలుదేరి" అనే 5 మాటలు పట్టాయి. తర్వాతి మాట "భీమునిపట్నం". మిగిలిన జాగా 44 పాయింట్లు. ఆ మాటకు అది చాలదు కనుక మాట మొత్తం కింది పంక్తికి దిగిపోతుంది. 44 పాయింట్లను 4 ఖాళీలు పంచుకుంటే ఒక్కోదానికి 11 పాయింట్లు అదనంగా వస్తాయి. మామూలుగా 3.5 పాయింట్లు ఉండవలసిన ఎడం 14.5 పాయింట్లు అవుతుంది, అంటే నాలుగు రెట్లకు పైమాటే.

అదే మాటను "భీముని-" దగ్గర విరవడానికి అనుమతి ఉంటే కథ వేరు. ఆ ముక్కకు హైఫన్‌తో కలిపి 36 పాయింట్లు, దాని ముందు ఖాళీకి 3.5 పాయింట్లు పోగా, మిగిలిన 4.5 పాయింట్లను 5 ఖాళీలు పంచుకుంటాయి. ఒక్కో ఎడం 4.4 పాయింట్ల వద్ద ఆగుతుంది, కన్ను దాన్ని పట్టించుకోదు. కాబట్టి ఎడాల సమస్య అని మనం అంటున్నది చాలావరకు పంక్తి ఎక్కడ విరుగుతోందన్న సమస్యే. స్పేసింగ్ అంకెలు ఎంత మార్చినా పంక్తి విరిగే చోటు మారనంతవరకు పెద్ద ప్రయోజనం ఉండదు.

ఇంగ్లీషు పుస్తకాల్లో ఇది ఇంతగా కనిపించదు. ఎందుకు?

ఇంగ్లీషులో ఒక పంక్తికి సాధారణంగా 9 నుంచి 12 మాటలు పడతాయి. వాటిలో సగం రెండు మూడు అక్షరాల చిన్న మాటలే. తెలుగులో విభక్తులు, క్రియాప్రత్యయాలు మాటకే అతుక్కుని ఉంటాయి, సంధి కూడా తోడవుతుంది. అదే వెడల్పులో 5 నుంచి 7 మాటలకు మించి పట్టడం అరుదు. పైగా ఇంగ్లీషుకు మాటను విరిచే సౌకర్యం సాఫ్ట్‌వేర్లలో ఎప్పటినుంచో ఉంది. ఇది కొత్త చిక్కు కూడా కాదు: 1455 ప్రాంతంలో గూటెన్‌బర్గ్ అచ్చువేసిన లాటిన్ బైబిల్‌లోనే, అంచులు కలవడం కోసం ఒకే అక్షరానికి వేర్వేరు వెడల్పుల అచ్చులను, సంక్షిప్త రూపాలను వాడారు.

మేటర్ చేతికి రాగానే మొదట ఏం చేయాలి?

శుభ్రం చేయాలి. టైపు చేసిన మేటర్‌లో కంటికి ఆనని చెత్త చాలా ఉంటుంది. వర్డ్‌లో పేరా గుర్తు ఉన్న బటన్ నొక్కితే ఖాళీలు చుక్కలుగా, ట్యాబ్‌లు బాణాలుగా కనిపిస్తాయి. అప్పుడు చూడవలసినవి ఇవి.

జంట ఖాళీలు: రెండు ఖాళీలు పక్కపక్కన ఉంటే జస్టిఫై చేసినప్పుడు రెండూ సాగుతాయి, ఆ ఒక్కచోట ఎడం రెట్టింపు అవుతుంది. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో రెండు ఖాళీలను ఒకటిగా మార్చే పనిని, ఇక ఏమీ దొరకలేదని చెప్పేవరకు మళ్లీ మళ్లీ చేయండి. పేజీలు కట్టే అడోబి సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో దీనికి, వెతికి మార్చే పెట్టెలోని గ్రెప్ ట్యాబ్ కింద సిద్ధంగా ఒక క్వెరీ ఉంది.

కామా తర్వాత ఖాళీ లేకపోవడం: దీన్ని ఎవరూ అనుమానించరు. "శ్రీకాకుళం,విజయనగరం,విశాఖపట్నం,అనకాపల్లి" అని ఖాళీ లేకుండా కొడితే సాఫ్ట్‌వేర్ దృష్టిలో అదంతా ఒకే మాట. అది పట్టక మొత్తంగా కిందికి దిగిపోతే, పై పంక్తిలో మిగిలిన రెండు మూడు మాటలు చెరో మూలకు పోతాయి. ఒక పంక్తి మరీ ఘోరంగా సాగితే, దాని కింది పంక్తి మొదటి మాటను చూడండి. దోషం తరచుగా అక్కడే ఉంటుంది.

విరగని ఖాళీలు: వెబ్‌సైట్ల నుంచి, వాట్సాప్ నుంచి తెచ్చి అతికించిన మేటర్‌లో మామూలు ఖాళీకి బదులు నాన్ బ్రేకింగ్ స్పేస్ ఉండే అవకాశం ఉంది. వర్డ్‌లో అది చుక్కగా కాక చిన్న సున్నాలా కనిపిస్తుంది. వీటిని మామూలు ఖాళీలుగా మార్చి, అవసరమైన చోట మాత్రమే మళ్లీ పెట్టుకోవాలి. ఇంటిపేరు పొడి అక్షరాలకు, పేరుకు మధ్య, "రూ." తర్వాత వచ్చే అంకెకు ముందు ఉంటే మంచిది. అంతకు మించి చల్లవద్దు.

శుభ్రం చేసే ఉత్సాహంలో కనిపించని అక్షరాలన్నీ తీసివేయడం మాత్రం ప్రమాదం. "సాఫ్ట్‌వేర్" అనే మాటలో పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. అది పోతే ఆ మాట "సాఫ్ట్వేర్" అయిపోతుంది, పుస్తకం నిండా ఇలాంటి ఇంగ్లీషు మాటలన్నీ ఒత్తులు మోస్తూ కనిపిస్తాయి.

పేజీ సైజు, అక్షరం సైజు మారిస్తే తేడా ఉంటుందా?

అన్నిటికంటే పెద్ద తేడా ఇక్కడే వస్తుంది, కాని దీన్ని పేజీలన్నీ కట్టాక ఎవరూ మార్చరు. 1/8 డెమ్మీ పుస్తకంలో 14 పాయింట్ల అక్షరం పెట్టి, పక్క మార్జిన్లు ఒక్కో అంగుళం వదిలితే పంక్తికి నాలుగైదు మాటలే మిగులుతాయి. ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ కూడా ఏమీ చేయలేదు. అక్షరాన్ని ఒక పాయింటు తగ్గించి, బయటి మార్జిన్‌ను కొద్దిగా కుదిస్తే సగం ఫిర్యాదులు పుట్టవు. పెద్దవాళ్లు చదవాలి కనుక అక్షరం పెద్దదిగానే కావాలంటే, పుస్తకం సైజు పెంచడమో, జస్టిఫై మానుకోవడమో ఏదో ఒకటి ఒప్పుకోవాలి.

ఫాంటు కూడా ముఖ్యమే. పోతన 2000, మండలి, నోటో సెరిఫ్ తెలుగు, మన ఉత్తరాంధ్ర పెద్దాయన పేరు పెట్టుకున్న గిడుగు, ఇవన్నీ 12 పాయింట్లలో ఒకే వెడల్పు తీసుకోవు. వాటిలో ఖాళీ వెడల్పు కూడా ఒకటి కాదు. అందుకే ఫాంటును పాయింటు చూసి ఎంచుకోకుండా, మీ పుస్తకంలోని ఒక పేజీని మూడు నాలుగు ఫాంట్లలో ముద్రించి పక్కపక్కన పెట్టి చూడండి.

ఒక పంక్తిలో మూడే మాటలు ఉన్నా అంచునుంచి అంచుకు సాగిపోయాయి. అది పేరా చివరి పంక్తి కూడా కాదు.

అక్కడ షిఫ్ట్ ఎంటర్ కొట్టి ఉంటారు. అది పేరాను ముగించదు, పంక్తిని మాత్రమే తెంచుతుంది. కనుక తెగిన పంక్తిని కూడా సాఫ్ట్‌వేర్ నిండు పంక్తిగా భావించి సాగదీస్తుంది. కొత్త పేరా కావాలంటే దాన్ని తీసి ఎంటర్ కొట్టండి. పంక్తి తెగడమే కావాలంటే వర్డ్‌లో తెగే గుర్తుకు ముందు ఒక ట్యాబ్ పెడితే మాటలు ఎడమవైపు నిలుస్తాయి. పేరాల చివరి పంక్తులే సాగుతుంటే, ఇన్‌డిజైన్‌లో అన్ని పంక్తులను జస్టిఫై చేసే బటన్ నొక్కి ఉంటారు. చివరి పంక్తి ఎడమకు ఉండే జస్టిఫైని ఎంచుకోండి. వర్డ్‌లో కంట్రోల్, జె బదులు పొరపాటున కంట్రోల్, షిఫ్ట్, జె నొక్కితే మాటలే కాదు, అక్షరాలు కూడా విడిపోతాయి.

పంక్తి చివర తెలుగు మాటను విరవవచ్చా? ఎక్కడ విరవాలి?

విరవవచ్చు, విరవాలి కూడా. చేతితో అచ్చులు పేర్చిన కాలంలో కంపోజిటర్లు చేసింది అదే. కంప్యూటర్ వచ్చాక, సాఫ్ట్‌వేర్‌కు తెలుగు తెలియని రోజుల్లో హైఫనేషన్‌ను, అంటే పంక్తి చివర మాటను సాఫ్ట్‌వేర్ తనే విరిచే సౌకర్యాన్ని, ఆపేసుకోవడం అలవాటైంది. ఆ అలవాటు అవసరం తీరిపోయాక కూడా మనతోనే ఉండిపోయింది.

తెలుగు లిపిలో విరుపుకు పునాది అక్షరం. హల్లును దాని గుణింతం నుంచి గాని, ఒత్తు నుంచి గాని విడదీయకూడదు. పూర్ణానుస్వారం, విసర్గ పంక్తి మొదట్లో ఉండకూడదు. పొల్లు హల్లు ఒంటరిగా కిందికి దిగకూడదు: "బస్‌స్టాండ్‌" చివరి "డ్" కొత్త పంక్తి మొదట్లో నిలబడితే అంతకన్నా వికారం ఉండదు. ఇవి ఉల్లంఘించరాని నియమాలు.

వీటి తర్వాత వచ్చేది అభిరుచి. ఒకే అక్షరాన్ని పైన వదలడం, ఒకే అక్షరాన్ని కిందికి దింపడం రెండూ బాగుండవు. ఇటు రెండు, అటు రెండు అక్షరాలు కనీసం ఉండాలి. ద్విత్వం ముందు విరవడం చెల్లుతుంది గాని, "అ-మ్మవారు" కంటే "అమ్మ-వారు" ఎప్పుడూ మేలు. సమాసంలో మాట కలిసిన చోట, విభక్తి మొదలయ్యే చోట విరిస్తే చదివేవారికి తట్టు తగలదు: "సింహాచలం-నుంచి", "విశాఖ-పట్నం", "చేసు-కున్నారు". వరుసగా మూడు పంక్తుల చివర విరుపులు రాకుండా చూడండి. పేజీ చివరి మాటను, ముఖ్యంగా కుడిచేతి పేజీ చివరి మాటను, విరవవద్దు.

విరిచిన చోట హైఫన్ తప్పనిసరా?

రెండు పద్ధతులూ తెలుగు అచ్చులో ఉన్నాయి. మా అభిప్రాయంలో హైఫన్ పెట్టడమే మంచిది, ఎందుకంటే విడి మాటలా అర్థమిచ్చే ముక్క పంక్తి చివర మిగిలినప్పుడు హైఫన్ లేకపోతే పాఠకుడు అక్కడే ఆగిపోతాడు. "రాజ" పైన, "కీయం" కింద ఉన్న పంక్తిని ఊహించుకోండి. హైఫన్ వద్దనుకునేవారు ఇన్‌డిజైన్‌లో డిస్క్రెషనరీ లైన్ బ్రేక్, ఇతర చోట్ల జీరో విడ్త్ స్పేస్ వాడవచ్చు. మామూలు హైఫన్‌ను మాత్రం టైపు చేయకండి. రేపు ఒక మాట చేర్చగానే మేటర్ జరిగి ఆ హైఫన్ పంక్తి నడుమకు వచ్చి కూర్చుంటుంది.

నాకు వర్డ్ తప్ప మరొకటి రాదు. దానిలోనే సరిచేసుకోగలనా?

నూటయాభై పేజీల కథల సంపుటికి చేసుకోవచ్చు. వర్డ్ పంక్తిని పంక్తిగానే తేల్చుకుంటుంది. మూడో పంక్తి బాగుండడం కోసం మొదటి పంక్తిని కొద్దిగా సర్దుదామన్న ఆలోచన దానికి ఉండదు. ఆ పని మీరు చేయాలి. ప్రూఫులు పూర్తిగా దిద్దాక, బాగా సాగిన పంక్తిని చూసి, కింది పంక్తి మొదటి మాటలో విరవదగిన చోట కర్సర్ పెట్టి కంట్రోల్, హైఫన్ నొక్కండి. ఇది ఐచ్ఛిక హైఫన్. మాట పంక్తి చివర పడితేనే కనిపిస్తుంది, లేకపోతే దాగి ఉంటుంది. పేరా మొదటినుంచి చివరకు వెళ్లండి, ఎందుకంటే పైన ఒక విరుపు మారితే కింద ఉన్నవన్నీ మారతాయి. ఖర్చు లేని మరో దారి లిబ్రే ఆఫీస్: దానికి తెలుగు విరుపుల నిఘంటువు ఉంది, మేటర్ భాషను తెలుగుగా గుర్తించి పేరా స్టైల్‌లో హైఫనేషన్ ఆన్ చేస్తే అక్షరాల దగ్గర తనే విరుస్తుంది.

ఇన్‌డిజైన్‌లో ఏ సెట్టింగులు పెట్టాలి?

అన్నిటికంటే ముందు కంపోజర్, అంటే పంక్తి ఎక్కడ విరగాలో తేల్చే భాగం. తెలుగు యూనికోడ్ మేటర్‌కు అడోబి వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోవాలి. లేకపోతే గుణింతాలు, ఒత్తులు సరిగా కుదరవు. పేరులో "పేరాగ్రాఫ్" ఉందో లేదో తప్పక చూడండి. సింగిల్ లైన్ కంపోజర్ వర్డ్‌లాగే పంక్తికి పంక్తి తేల్చుకుంటుంది. పేరాగ్రాఫ్ కంపోజర్ పేరా మొత్తాన్ని చూసి, అన్ని పంక్తుల మీద కలిపి తక్కువ నష్టం వచ్చే విరుపులను ఎంచుకుంటుంది. 1981లో డొనాల్డ్ నూత్, మైకేల్ ప్లాస్ ప్రచురించిన పంక్తి విభజన పద్ధతి మూల ఆలోచన ఇదే.

తర్వాత పేరా స్టైల్‌లో భాషను తెలుగుగా పెట్టి హైఫనేషన్ ఆన్ చేయండి. ఒక పేజీ విరుపులను చదివి, నచ్చని చోట డిస్క్రెషనరీ హైఫన్‌తో మీ విరుపు పెట్టండి. అప్పుడు జస్టిఫికేషన్ పెట్టె తెరవండి. అక్కడ వర్డ్ స్పేసింగ్ కనిష్ఠం 80, కోరదగినది 100, గరిష్ఠం 133 శాతంగా ముందే ఉంటుంది. తెలుగు వచనానికి 75, 95, 150 దగ్గర మొదలుపెట్టమని మా సలహా. గరిష్ఠం 133 వద్ద ఉంచితే పంక్తి అంతకు మించి సాగకుండా ఆగిపోతుందని చాలామంది భ్రమపడతారు. అది ఆగదు; వేరే దారి లేనప్పుడు ఆ హద్దు దాటి సాగదీస్తుంది. గ్లిఫ్ స్కేలింగ్‌ను 98, 100, 102గా పెడితే అక్షరాల వెడల్పులో వచ్చే తేడా కంటికి తెలియదు గాని, పంక్తికి నాలుగైదు పాయింట్ల వెసులుబాటు దొరుకుతుంది. 95, 105 వరకు వెళ్లేవారు ఉన్నారు. అప్పుడు పక్కపక్క పంక్తుల్లో అక్షరాలు లావుగా, సన్నగా కనిపించడం మొదలవుతుంది.

ప్రిఫరెన్సెస్‌లో కంపోజిషన్ కింద హెచ్ అండ్ జె వయొలేషన్స్ అనే గడిని టిక్ చేస్తే, హద్దు దాటిన పంక్తులన్నీ పసుపు రంగులో మెరుస్తాయి. రంగు ఎంత ముదురుగా ఉంటే పంక్తి అంత చెడిందన్నమాట. ముదురు పసుపు పంక్తులతో మొదలుపెట్టండి; లేత పసుపు వాటిని చాలావరకు వదిలేయవచ్చు.

మా ఆపరేటర్ ఇంకా పేజ్‌మేకర్, అను ఫాంట్లే వాడుతున్నారు. ఏం చేయాలి?

పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0, వచ్చింది 2001లో. అను వంటి పాత ఫాంట్లలో ఒక తెలుగు అక్షరం రెండు మూడు ముక్కలుగా, ఇంగ్లీషు అక్షరాల, విరామచిహ్నాల స్థానాల్లో నిల్వ ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కు అది తెలుగని తెలియదు. కనుక ఆటోమేటిక్ హైఫనేషన్ తప్పక ఆపాలి, లేకపోతే ఒత్తు ఒకచోట, హల్లు ఒకచోట పడతాయి. లెటర్ స్పేస్ మూడు గళ్లలోనూ 0 ఉంచాలి. ఇక మిగిలేది చేతి పని. లూజ్ లైన్లను చూపించే సౌకర్యం పేజ్‌మేకర్ ప్రిఫరెన్సెస్‌లో కూడా ఉంది, దాన్ని వాడుకోమనండి. కొత్త పుస్తకమైతే యూనికోడ్‌లో మొదలుపెట్టించడమే నయం.

మాటల మధ్య ఎడం తగ్గించడానికి అక్షరాల మధ్య ఎడం పెంచవచ్చా?

పెంచకపోవడమే మంచిది. తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉండి తమ చుట్టూ కొంత తెలుపును మోస్తూనే ఉంటాయి. ఇంకొంచెం జరిపితే మాట మాటగా కనిపించదు. తప్పదనుకుంటే 1 శాతానికి మించవద్దు.

"నుంచి", "వరకు", "కోసం" కలిపి రాయాలా, విడిగా రాయాలా? విడదీస్తే ఎడం సర్దుకుంటుంది కదా.

సర్దుకుంటుంది. "విశాఖపట్నంనుంచి" కంటే "విశాఖపట్నం నుంచి" పంక్తిలో సులువుగా ఇముడుతుంది, ఒక ఖాళీ అదనంగా దొరుకుతుంది. అయితే ఇది పేజీలు కట్టేవారు పంక్తి అవసరాన్ని బట్టి తేల్చవలసిన విషయం కాదు. ఒక పేజీలో కలిపి, మరో పేజీలో విడిగా ఉంటే పరిశీలనగా చదివేవారు దాన్ని అచ్చుతప్పుగానే లెక్కిస్తారు. రచయిత, ప్రూఫ్‌రీడర్ కూర్చుని పుస్తకం మొత్తానికి ఒక పద్ధతి ముందే నిర్ణయించుకోవాలి. "చెప్పాలనుకుంటున్నానని" వంటి పొడుగు మాట పంక్తిని చెడగొడుతుంటే, దాన్ని "చెప్పాలని అనుకుంటున్నానని" అని మార్చే హక్కు రచయితది. ఆపరేటర్ ప్రూఫు అంచున గుర్తుపెట్టి అడగాలి.

ఉత్తరాంధ్ర మాండలికంలో సంభాషణలు ఉన్నాయి. హైఫనేషన్ వాటిని పాడుచేయదా?

తెలుగు విరుపులు అక్షరాన్ని బట్టి జరుగుతాయి గాని పదాల పట్టికను బట్టి కాదు. "ఎల్లిపోనాడు" అన్నా "వెళ్లిపోయాడు" అన్నా వాటికి ఒకటే. అసలు చిక్కు సంభాషణల పొట్టితనంలో ఉంది. రెండు పంక్తుల పేరాలో కంపోజర్ సర్దడానికి ఒకే పంక్తి ఉంటుంది. అలాంటి చోట గ్లిఫ్ స్కేలింగ్, చేతి విరుపు తప్ప దారి లేదు. మాట మధ్యలో ఆగినట్టు చూపే చుక్కలను మూడు విడి చుక్కలుగా కాక ఒకే ఎలిప్సిస్ అక్షరంగా పెట్టి, దాని తర్వాత ఒక ఖాళీ ఇవ్వండి. చుక్కలతో అతికిన సంభాషణ మొత్తం ఒకే మాటైపోయే ప్రమాదం తప్పుతుంది.

కవితా సంపుటిని జస్టిఫై చేయవచ్చా?

వద్దు. శ్రీశ్రీ పుట్టిన ఊళ్లో ఈ మాట వేరే చెప్పనక్కర లేదు. కవితలో పంక్తి ఎక్కడ తెగాలో కవి నిర్ణయిస్తాడు. పద్యాలకు కూడా ఎడమ అంచే ఆధారం.

లేటెక్‌లో పుస్తకం చేస్తున్నాను. తెలుగుకు అది పనికొస్తుందా?

ఆదేశాలు టైపు చేసి పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ లేటెక్ గురించి విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ ప్రశ్న అడుగుతుంటారు. పనికొస్తుంది. దాన్ని నడిపే ఇంజిన్లలో జీటెక్ లేదా లువాటెక్ వాడండి. సంతోష్ తొట్టింగల్ రూపొందించిన తెలుగు విరుపుల నమూనాలు టెక్ పంపిణీల్లోనే ఉన్నాయి, భాషను తెలుగుగా ప్రకటిస్తే చాలు. పంక్తి కుడి మార్జిన్ దాటి బయటకు పొడుచుకు వస్తే ఎమర్జెన్సీ స్ట్రెచ్‌కు కొద్దిగా విలువ ఇవ్వండి. టాలరెన్స్‌ను ఒక్కసారిగా గరిష్ఠానికి పెంచితే, టెక్ ఏ పంక్తినీ చెడ్డదిగా భావించదు.

ఈ-బుక్‌కు కూడా ఇవే సెట్టింగులా?

కాదు. ఫోన్ తెర మీద పాఠకుడు అక్షరం పెంచగానే పంక్తికి మూడు మాటలు మిగులుతాయి. ఈ-బుక్ ఫైలు రకమైన ఈపబ్‌లో ఎడమ అలైన్‌మెంట్ ఇచ్చి వదిలేయండి. ముద్రణ కోసం చేతితో పెట్టిన విరుపులను ఈ-బుక్ ఫైలులోనుంచి తీసివేయండి, ఎందుకంటే వెతికినప్పుడు మాట దొరకకపోవచ్చు.

ప్రూఫులో ఎడాలను ఎలా పరీక్షించాలి?

తెర మీద కాదు, కాగితం మీద చూడండి. పేజీని తలకిందులుగా తిప్పి చేతి దూరంలో పట్టుకుంటే చదవడం ఆగిపోతుంది, తెలుపు, నలుపు మాత్రమే మిగులుతాయి. ఖాళీలు ఒకదాని కింద ఒకటి పడి నాలుగైదు పంక్తుల పొడవునా తెల్ల చారలా దిగుతున్న చోటును పెన్సిలుతో గీయండి. ఆ చార మధ్యలో ఒక్క పంక్తి విరుపు మార్చితే సాధారణంగా మొత్తం చెదిరిపోతుంది.

ఇంట్లో బాగానే ఉంది. ప్రెస్‌లో తెరిస్తే అంతా మళ్లీ చెదిరిపోయింది.

వర్డ్ ఫైలు ఇచ్చి ఉంటారు. వారి కంప్యూటర్‌లో మీ ఫాంటు లేకపోయినా, వేరే వెర్షన్ ఉన్నా పంక్తులన్నీ కొత్తగా విరుగుతాయి, మీరు పెట్టిన విరుపులు ఒక్కటీ పంక్తి చివర ఉండవు. డాబాగార్డెన్స్‌లో ఇచ్చినా, హైదరాబాద్ పంపినా ఫాంట్లు ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి. ఇచ్చే ముందు పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ ట్యాబ్ తెరిచి, ప్రతి ఫాంటు పేరు పక్కన ఎంబెడెడ్ అని ఉందో లేదో చూసుకోండి. ఆ తర్వాత దిద్దుబాటు వస్తే ప్రెస్‌లో చేయించకుండా మీ మూల ఫైలులోనే చేసి, ఆ పేరా చివరివరకు విరుపులు మళ్లీ చూసి, కొత్త పీడీఎఫ్ పంపండి.